మాల వేసే రోజున కాదు, పన్నెండు రోజుల ముందే మందు మాన్పించండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. రాజోలు దగ్గర లంక గ్రామం, అంటే చుట్టూ గోదావరి పాయలున్న ఊరు. మీ అన్నయ్యగారికి 39 ఏళ్ళు, రొయ్యల చెరువుల మీద పని. పన్నెండేళ్ళుగా తాగుతున్నారు. ఈమధ్య రోజుకి రెండు క్వార్టర్లు అయింది, పొద్దున లేవగానే ఒక నైంటీ (90 మి.లీ.) పడితేగానీ చేతుల వణుకు ఆగట్లేదు. కిందటేడు అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తే రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఈసారి నవంబర్ 17న మళ్ళీ మాల వేసుకుని మానేస్తానంటున్నారు. ఇంట్లోనే మాన్పించొచ్చా, మజ్జిగలో కలిపే పొడి ఒకటి చెబుతున్నారు అది పనిచేస్తుందా అని అడిగారు.

మాల వేసుకోనివ్వండి. మందు మానడం మాత్రం ఆ రోజున వద్దు. నవంబర్ 4న గానీ 5న గానీ ఆసుపత్రిలో చేర్చి అక్కడ మాన్పించండి. ఫిట్స్ వచ్చే గడువు దాటి, అక్కడిచ్చే మాత్రల కోర్సు కూడా ముగిశాక 17న ఆయన వణుకులేని చేతులతో మాల వేయించుకుంటారు. అప్పుడు ఆ 41 రోజుల నియమం ఆయనకి గొప్ప ఊతం. కిందటేటిలాగే చేస్తే అవే రోజులు ప్రాణం మీదికి తెస్తాయి. మందు మానినప్పుడు ఒక్కసారి ఫిట్స్ వచ్చిన మనిషిని మళ్ళీ ఇంట్లో ఉంచి మాన్పించకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

ఇంకో మాట, వినడానికి వింతగా ఉన్నా చెప్పాలి. ఆసుపత్రిలో చేరే రోజు వరకూ ఆయన మందు మీరు బలవంతంగా ఆపించకండి. సీసాలు పారబోయడం, గదిలో పెట్టి గడియ పెట్టడం, జేబులో డబ్బులు తీసేయడం, వీటివల్ల ఆయన మానడం సరిగ్గా మీ ఇంట్లో, వైద్యుడు లేనిచోట మొదలవుతుంది. అప్పటిదాకా ఎప్పటిలాగే తాగనివ్వండి, పెంచనివ్వకండి, కడుపులో అన్నం పడేలా చూడండి, బండి తాళాలు మీ దగ్గర ఉంచుకోండి.

డాక్టరుకి చెప్పేటప్పుడు "కాస్త ఎక్కువే తాగుతారండి" అంటే చాలదు, లెక్క చెప్పాలి. సీసా మీద 42.8 శాతం అని అచ్చు వేసి ఉంటుంది. 180 మి.లీ. క్వార్టర్‌లో 77 మి.లీ. ఆల్కహాలు, తూకంలో సుమారు 60 గ్రాములు. రెండు క్వార్టర్లకి 120 గ్రాములు. పొద్దున నైంటీ ఆ రెండింటిలోదేనా, విడిగానా అన్నది కనుక్కోండి. విడిగా అయితే 150 గ్రాములు. బీరు తాగే రోజులుంటే అదీ చెప్పండి. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 41 గ్రాములుంటుంది, రెండు సీసాలంటే క్వార్టర్‌ని మించిపోయింది. "బీరే కదా" అని లెక్కలోంచి తీసేస్తే డాక్టరు ఇచ్చే మాత్రల మోతాదు తక్కువ పడుతుంది.

ఇక ఫిట్స్ ఎందుకొచ్చాయో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. మెదడులో గాబా అనే రసాయనం నరాల ఉద్రేకాన్ని అణుస్తుంది, గ్లుటమేట్ దాన్ని పెంచుతుంది. మందు గాబాకి బలమిచ్చి గ్లుటమేట్‌ని తొక్కిపెడుతుంది. రోజూ తాగేవాళ్ళలో మెదడు దీనికి ఎదురు సర్దుకుంటుంది: గాబాకి స్పందించడం తగ్గించి, గ్లుటమేట్‌కి స్పందించే గ్రాహకాల్ని పెంచుకుంటుంది. తాగుతున్నంతసేపూ రెండూ సమానంగా లాక్కుంటూ ఉంటాయి, మనిషి మామూలుగానే కనిపిస్తాడు. తాడులాగుడు పందెంలో అవతలి జట్టు ఉన్నట్టుండి తాడు వదిలేస్తే ఇవతలి జట్టు ఎలా కూలబడుతుందో, మందు ఒక్కసారిగా ఆగితే మెదడుకి అదే జరుగుతుంది. వణుకు, చెమట, ఫిట్స్, మతిభ్రమ అన్నీ అక్కడినుంచి వచ్చినవే. మనోబలానికీ దీనికీ సంబంధం లేదు. భక్తి ఎంత గట్టిదైనా గ్రాహకాలు ఒక్క పూటలో మారవు.

ఇది గంటల లెక్కన నడుస్తుంది. ఆఖరి పెగ్గు నుంచి 6 గంటల్లో వణుకు, చెమట, వాంతులొచ్చేలా ఉండటం, గుండె దడ, కంగారు మొదలవుతాయి. 12 నుంచి 24 గంటల మధ్య కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి, కానీ తానెక్కడున్నదీ ఎవరితో మాట్లాడుతున్నదీ తెలుస్తూనే ఉంటుంది. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల లోపలే వస్తాయి. కిందటేడు రెండో రోజు వచ్చాయన్నారు, సరిగ్గా ఈ గడువులోనే. 48 నుంచి 96 గంటల మధ్య అసలు గండం. జ్వరం, బీపీ, నాడి పెరిగి, ఏ రోజో ఏ ఊరో తెలియని అయోమయం వస్తుంది. వైద్యులు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందితే నూటికి 95 మందికి పైగా బయటపడతారు. అందకపోతే అలా చెప్పలేం. అందుకే రెండో రోజు కాస్త బాగున్నాడని మూడో రోజు ఇంటికి తీసుకొచ్చేయడం చాలా పెద్ద పొరపాటు.

ఈ మతిభ్రమలో మనిషి తన రోజువారీ పనినే చేస్తూ కనబడటం తరచుగా జరుగుతుంది. చెరువుల మీద పనిచేసేవారు మంచం మీద కూర్చుని మేత చల్లుతున్నట్టు చేతులాడిస్తారు, ఏరియేటర్ ఆగిపోయిందని అర్ధరాత్రి లేచి బయల్దేరతారు, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటారు. మాలలో ఉన్న మనిషి ఇలా చేస్తే స్వామి పూనాడనో, నియమం తప్పినందుకు ఆగ్రహమనో, గాలి సోకిందనో అనుకుని తాయెత్తు కట్టించేందుకు తీసుకెళ్తారు. ఆ కాసిన్ని గంటలూ చాలా విలువైనవి. ఎవరైనా మందు మానిన వారంలోపు ఇలా ప్రవర్తిస్తే పూజలూ మొక్కులూ తర్వాత చేసుకోవచ్చు, ముందు 108కి ఫోన్ చేయండి.

ప్రతి ఏడూ మాలకి మానడం, విరమణ కాగానే మొదలుపెట్టడం చాలామందిలో చూస్తాం. దీనివల్ల ఒక నష్టం ఉంది, బయటికి తెలియదు. ఒక్కసారిగా మానిన ప్రతిసారీ మెదడులో ఆ ఉద్రేకం ముద్ర పడి, తర్వాతిసారి మానినప్పుడు లక్షణాలు ఇంకా తీవ్రంగా వస్తాయి. మొదటిసారి వణుకుతో పోయినవాళ్ళకి మూడోసారి ఫిట్స్, అయిదోసారి డెలీరియం రావచ్చు. మీ అన్నయ్యగారికి కిందటేడే ఫిట్స్ వచ్చాయి కాబట్టి ఈసారి అంతకు తగ్గుతుందని ఆశపెట్టుకోకూడదు.

ఇప్పుడు మన వైపు తప్పకుండా జరిగే ఒక పొరపాటు. మనిషి నీరసంగా, వణుకుతూ, అన్నం తినకుండా ఉంటే వెంటనే ఊళ్ళో ఆర్‌ఎంపీని పిలిచి "ఒక గ్లూకోజు ఎక్కించండి" అంటాం. తాగేవాళ్ళకి ఇది ప్రమాదం. గ్లూకోజుని శక్తిగా మార్చడానికి థయమిన్, అంటే బి1 విటమిన్, కావాలి. ఏళ్ళ తరబడి తాగిన మనిషి ఒంట్లో అది అడుగంటి ఉంటుంది: తిండి తక్కువ, తిన్నదాంట్లోంచి పేగులు పీల్చుకునేదీ తక్కువ, లివర్లో నిల్వ ఉండేదీ తక్కువ. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడులో కొన్ని భాగాలు దెబ్బతింటాయి. కళ్ళు అటూ ఇటూ కొట్టుకోవడం లేదా ఒక పక్కకి తిరగకపోవడం, అడుగులు తడబడటం, అయోమయం, ఈ మూడింట్లో ఒక్కటి కనబడినా వెర్నికీ జబ్బేమోనని అనుమానించాలి. వెంటనే సరిచేయకపోతే కొత్త విషయాలేవీ గుర్తుండని స్థితికి చేరతారు, అది చాలామందిలో పూర్తిగా తిరిగి రాదు. నలభై ఏళ్ళ మనిషి పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మర్చిపోయి, లేనివి కల్పించి చెబుతుంటాడు. ఇదంతా తప్పించేది చవకైన బి1 ఇంజెక్షన్. కనీసం 100 మి.గ్రా. ముందు పడాలి, తర్వాతే గ్లూకోజు. వెర్నికీ అనుమానం ఉంటే ఆసుపత్రిలో ఒక్కో డోసుకి 500 మి.గ్రా. దాకా రోజుకి మూడుసార్లు నరంలోకి ఇస్తారు. ఇంజెక్షనే ఎందుకంటే తాగేవాళ్ళ పేగు మాత్రని సరిగా పీల్చుకోదు. అయినా ఇప్పటినుంచే బి1 మాత్రలు 100 మి.గ్రా.వి డాక్టరు రాస్తే మొదలుపెట్టడం మంచిదే.

డెల్టాలో ఇది మరీ పట్టించుకోవాల్సిన విషయం. మనం తినేది తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం. తవుడుతోపాటే బి1 పోతుంది, మిగిలిన కాస్తా రెండు మూడు నీళ్ళు కడగడంలోనూ గంజి వార్చడంలోనూ పోతుంది. వడ్లు ఉడకబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యంలో బి1 గింజ లోపలికి ఇంకి నిలుస్తుంది. మన మిల్లుల్లో తయారయ్యే ఆ బియ్యం కేరళకి వెళ్తుంది, మనం తినం. తాగని మనిషికి పప్పు, చేప, కూరలతో లోటు తీరిపోతుంది. రెండు క్వార్టర్లు తాగి రెండు ముద్దలు తిని పడుకునే మనిషికి తీరదు.

ఆసుపత్రి సంగతికొస్తే, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో కూడా అడగొచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోలేకపోతే 14446కి ఫోన్ చేయండి, అది మత్తు మాన్పించడానికి కేంద్రం పెట్టిన ఉచిత నంబర్. 14416 టెలీ మానస్, అక్కడ తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుడి దగ్గరికంటే మీ అన్నయ్యగారు ఒప్పుకోకపోతే ముందు జనరల్ మెడిసిన్ డాక్టరుకి చూపించండి. "మాలకి ముందు ఒకసారి ఒళ్ళు చెక్ చేయించుకుందాం" అంటే చాలామంది వస్తారు, అది అబద్ధం కూడా కాదు.

పరీక్షల్లో లివర్ ఫంక్షన్, రక్తంలో ప్లేట్‌లెట్లు, షుగర్, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి, ఈసీజీ, కడుపు స్కానింగు ఉంటాయి. వీలైతే మెగ్నీషియం కూడా చూస్తారు, అది తక్కువైతే బి1 ఇచ్చినా సరిగా పనిచేయదు, ఫిట్స్ కూడా త్వరగా వస్తాయి. వైద్యంలో ముఖ్యమైనది క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్ర. మందు వదిలేసిన గాబా పనిని ఇది తాత్కాలికంగా భర్తీ చేస్తుంది. మొదటి రెండు రోజులు ఎక్కువ మోతాదు, తర్వాత రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే దాని బదులు లోరజెపామ్ ఇస్తారు, అది దెబ్బతిన్న లివర్లో పేరుకుపోదు. ఇవి మెడికల్ షాపులో తెలిసినవాళ్ళని అడిగి తెచ్చి ఇంట్లో వేసేవి కావు. ఇవి వేసుకున్నాక పైన మందు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. మొదటి డోసు తక్కువైతే ఫిట్స్, ఎక్కువైతే మత్తు. నాడి, వణుకు, చెమట చూసుకుంటూ పూటపూటకీ మార్చాలి.

ఆయన 4న చేరితే 10, 11 వరకూ అక్కడే ఉంచండి. మిగతా మాత్రలు తగ్గించుకుంటూ ఇంట్లో వేసుకునే భాగం 15 లోపు అయిపోతుంది. మీది లంక కాబట్టి ఒకటి గట్టిగా చెబుతున్నాను: తొందరగా డిశ్చార్జి చేసినా 9వ తేదీ దాటేవరకూ లంకకి తీసుకెళ్ళకండి. ఏరు దాటించే పంటు రాత్రి ఆగిపోయాక ఫిట్స్ వస్తే ఏటి అవతలికి చేరేసరికే తెల్లారిపోతుంది. పాలకొల్లులోనో అమలాపురంలోనో చుట్టాల ఇంట్లో, 108 గుమ్మం ముందుకి వచ్చేచోట ఉంచండి. ఆ రోజుల్లో నాలుగు గంటలకోసారి నాడి లెక్కపెట్టండి, చేతులు చాపించి వణుకు చూడండి, ఇవాళ ఏ వారం, మనం ఎవరింట్లో ఉన్నాం అని అడగండి. నాడి నిమిషానికి 100 దాటినా, జవాబు తడబడినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా తీసుకెళ్ళండి.

ఫిట్స్ వస్తే ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టండి, తల కింద తువ్వాలు పెట్టండి, గడియారం చూడండి. చేతిలో తాళంచెవులు, ఇనుము పెట్టొద్దు. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏవీ పెట్టొద్దు, పళ్ళు విరుగుతాయి లేదా నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్ళూ చేతులూ అదిమిపట్టొద్దు. మందు మానినప్పుడు వచ్చిన ఫిట్స్ ఒక నిమిషంలో ఆగిపోయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, రెండోది వెంటనే రావచ్చు, ఆ తర్వాత డెలీరియం రావచ్చు.

మజ్జిగ పొడి గురించి. వద్దు. మందు మాన్పించే పొడి పేరుతో తెలియకుండా కలిపి పెట్టమని అమ్మే వాటిలో ఏముందో ఎవరూ రాయరు. వాటిలో పనిచేసేది ఏదైనా ఉంటే అది డైసల్ఫిరామ్ అయి ఉండొచ్చన్న భయంతోనే చూడాలి. డైసల్ఫిరామ్ చెడ్డ మందు కాదు, డాక్టరు ఇస్తారు, సాధారణంగా రోజుకి 250 మి.గ్రా. కానీ దానికి షరతులున్నాయి: ఆఖరి పెగ్గు పడి కనీసం 12 గంటలైనా గడవాలి, గుండెజబ్బు ఉండకూడదు, లివర్ పరీక్ష బాగుండాలి, అన్నిటికన్నా ముందు మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాలి. అది ఒంట్లో ఉండగా మందు పడితే పది నిమిషాల నుంచి అరగంటలో ముఖం ఎర్రబారి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం. తెలియని మనిషి ఒక పెగ్గు పడలేదని ఇంకొకటి వేస్తాడు. గుండె బలహీనంగా ఉంటే అక్కడే పోవచ్చు. పైగా అది తెలిసిన రోజున వదినగారు పెట్టే అన్నం మీద ఆయనకి నమ్మకం పోతుంది, తర్వాత ఏ మాత్రా వేసుకోరు. డాక్టరు డైసల్ఫిరామ్ ఇస్తే ఆపేశాక కూడా రెండు వారాలు దాని పని ఉంటుందని గుర్తుంచుకోండి. ఆల్కహాలు ఉన్న దగ్గు మందులు, ద్రాక్షారిష్టం, అశ్వగంధారిష్టం లాంటివి కూడా అప్పుడు పనికిరావు.

ప్రైవేటు డీఅడిక్షన్ కేంద్రాల వైపు చూస్తుంటే చేర్చేముందు కొన్ని అడగండి. రోజూ చూసే ఎంబీబీఎస్ డాక్టరు ఎవరు, మానసిక వైద్యుడు ఎన్నాళ్ళకోసారి వస్తారు, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మీరు ఎప్పుడు వచ్చి చూడొచ్చు, రిజిస్ట్రేషన్ ఉందా. మొదటి నెల చూడటానికి వీల్లేదన్నా, రాత్రిపూట మనుషుల్ని పంపి పట్టుకొస్తామన్నా అక్కడితో ఆపేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద మందు, మత్తు పదార్థాల వ్యసనం కూడా వస్తుంది. గొలుసులతో కట్టడం ఆ చట్టం నిషేధించింది.

ఇప్పుడు మాల. మంచి గురుస్వామి దొరికితే అంతకన్నా పెద్ద సాయం లేదు. పొద్దునా సాయంత్రం పూజ, తోటి స్వాముల మధ్య కూర్చోవడం, పాత స్నేహితులు పిలవడానికి జంకడం, ఊరంతా స్వామీ అని మర్యాద చేయడం, ఇవన్నీ ఆసుపత్రి ఇవ్వలేనివి. గురుస్వామిని ముందే కలిసి విషయం దాచకుండా చెప్పండి. కిందటేడు ఫిట్స్ ఎందుకొచ్చాయో చెబితే అర్థం చేసుకుంటారు. రెండు సడలింపులు అడగండి. ఒకటి తిండి. ఒంటిపూట భిక్షతో సరిపెట్టొద్దు. పొద్దున అల్పాహారం, మధ్యాహ్నం భిక్ష, రాత్రి పలహారం మూడూ ఉండాలి. చేప, గుడ్డు మానేస్తారు కాబట్టి పప్పు, పెసలు, వేరుశనగలు, పాలు పెరగాలి. రెండోది మాత్రలు. దీక్షలో ఉన్నా అవి ఆపకూడదని డాక్టరు చీటీ మీద రాయించుకుని చూపించండి. చన్నీళ్ళ స్నానం, నేల పడక వల్ల మానిన పన్నెండో రోజుకి ఇబ్బంది ఉండదు. రెండో రోజైతే ఉంటుంది, చెమటలు పట్టి ఒంట్లో నీరు తగ్గిన మనిషి కదా.

మందు మీద యావ తగ్గించే మాత్రలు వేరే ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ రోజుకి 50 మి.గ్రా. ఒక మాత్ర, తాగినప్పుడు వచ్చే ఆ సుఖాన్ని తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ 333 మి.గ్రా.వి రోజుకి మూడు పూటలా రెండేసి, మానిన తర్వాత ఉండే అలజడిని తగ్గిస్తుంది, కిడ్నీలు బాగుండాలి. లివర్ ముదిరి ఉంటే బాక్లోఫెన్ ఆలోచిస్తారు. ఏది సరిపోతుందో పరీక్షలు చూసి డాక్టరే తేలుస్తారు. ఒళ్ళునొప్పులకి ట్రమడాల్ బిళ్ళలు వేసుకునే అలవాటు ఉంటే తప్పకుండా చెప్పండి, చెరువుల మీద, కోతల్లో పనిచేసేవాళ్ళలో ఇది ఉంటుంది. నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టే ముందు అది ఆపి వారం పది రోజులు గడవాలి, లేకపోతే ఒళ్ళంతా తిప్పేస్తుంది. నిద్రమాత్ర అల్ప్రజోలమ్ రోజూ వేసుకునే అలవాటు ఉన్నా చెప్పండి. దాన్ని కూడా ఒక్కసారిగా ఆపితే మందు మానినట్టే ఫిట్స్ వస్తాయి. మందు మానాక నిద్ర సరిగా పట్టకపోవడం వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది. దానికోసం షాపులో నిద్రమాత్ర కొనుక్కుంటే ఒక వ్యసనం పోయి ఇంకొకటి వస్తుంది. గంజాయి ఉంటే, అది ఆపడం వల్ల ఇలాంటి ప్రాణభయం ఉండదు, చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం రెండు మూడు వారాలుంటాయి.

"పోనీ సీసా మానేసి కల్లు తాగుతాను" అనే బేరం కూడా రావచ్చు. ఒప్పుకోకండి. పొద్దున దించిన తాటికల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది, కొలత తెలియదు, మెదడుకి అదీ ఆల్కహాలే. కొన్నిచోట్ల నిద్రమాత్రల పొడి కలుపుతారు, అది తాగినవాళ్ళు మానితే రెండింటి తాలూకు లక్షణాలూ ఒకేసారి వస్తాయి. నాటుసారా జోలికి అసలు పోనివ్వకండి. బెల్లం ఊట కాచిన దాంట్లో ఘాటు కోసం పరిశ్రమల్లో వాడే స్పిరిట్ కలిపితే అందులో మెథనాల్ ఉండొచ్చు. తాగిన వెంటనే ఏమీ తెలియదు, 12 నుంచి 24 గంటల తర్వాత కడుపునొప్పి, ఆయాసం, మంచు కమ్మినట్టు చూపు మసకబారడం మొదలవుతాయి. ఆ మసక కనబడితే ఆ సారా తాగిన వాళ్ళందర్నీ, బాగానే ఉన్నాం అన్నవాళ్ళతో సహా, డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆలస్యమైతే చూపు తిరిగి రాదు.

లివర్ గురించి కొద్దిగా. కళ్ళు పచ్చబడటం, కాళ్ళ వాపు, పొట్ట ఉబ్బడం, నల్లటి విరోచనం, రక్తపు వాంతి, వీటిలో ఏదైనా ఉంటే నవంబర్ దాకా ఆగకుండా ఇప్పుడే వెళ్ళండి. పచ్చబడితే పసరు తాగించడం, చేతికి వాత వేయించడం మనవైపు ఇంకా ఉంది. తాగుడు వల్ల వచ్చిన కామెర్లకి పసరు పనిచేయదు, కొన్ని పసర్లు లివర్ని ఇంకా పాడుచేస్తాయి. జ్వరానికి, ఒళ్ళునొప్పులకి పారాసెటమాల్ వేసుకున్నా రోజుకి 2 గ్రాములు, అంటే 500 మి.గ్రా. మాత్రలు నాలుగు, దాటకూడదు. అదీ డాక్టరుకి చెప్పాకే.

మీరు అడగనిది ఒకటి ఉంది, నాకు మాల కన్నా దాని గురించే ఎక్కువ ఆందోళన. 17న వేసుకుంటే డిసెంబర్ 27 ప్రాంతంలో విరమణ. అక్కడినుంచి భోగికి పదిహేడు పద్దెనిమిది రోజులు. ఇంటికి వచ్చిన చుట్టాలు, బరుల దగ్గర కోడిపందాలు, పందెం గెలిచినవాడి పార్టీ, ఓడినవాడి పార్టీ, కనుమనాడు ప్రభల తీర్థం. అదే సమయంలో చెరువులో రొయ్యల పట్టుబడి అయితే చేతిలో ఒకేసారి డబ్బు. 41 రోజులు మానిన ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు, పాత కొలతలో రెండు క్వార్టర్లు ఒకేసారి పడితే స్పృహ తప్పి వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. "ఇన్నాళ్ళు మానగలిగాను కదా, పండక్కి రెండు పెగ్గులే" అన్న మాట దగ్గరే మళ్ళీ మొదలవుతుంది.

కాబట్టి ఆసుపత్రిలో చేరిన వారంలోనే జనవరి ఏర్పాటు కూడా చేసుకోండి. విరమణ రోజునే మాత్రలు ఆపకూడదు, కనీసం ఆరు నెలలైనా ఉంటాయని ముందే చెప్పండి. భోగికి ముందు వారం డాక్టరు అపాయింట్‌మెంట్ పెట్టుకోండి. పండగ నాలుగు రోజులూ వదినగారూ పిల్లలతో కలిసి బరులు లేని ఊళ్ళో, తాగని చుట్టాల ఇంట్లో గడిపేలా చూడండి. కుదిరితే తోటి స్వాముల్లో మందు ముట్టనివాళ్ళు ఒకరిద్దరిని ఆ రోజుల్లో తోడుండమని అడగండి. పట్టుబడి డబ్బు వదినగారి ఖాతాలోకి వచ్చేలా ఆయన ఒప్పుకుంటేనే మార్చండి, చెప్పకుండా మార్చకండి. తాగాలన్న యావ ఉప్పెనలా వచ్చినా చాలాసార్లు అరగంటలోపే దిగుతుంది. ఆ అరగంటలో ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి నడవాలో కాగితం మీద ఆయన చేతే రాయించండి. ఆకలి, నిద్రలేమి, కోపం ఉన్నప్పుడు ఆ యావ ఎక్కువ, కాబట్టి రాత్రి భోజనం ఏడింటికల్లా పెట్టేయండి. ఒకవేళ జారి తాగినా తిట్టకుండా అదే రోజు ఎంత తాగారో, ఎప్పటినుంచో కనుక్కోండి. ఒకటి రెండు రోజులైతే వెంటనే డాక్టరుకి చెప్పి మాత్రలతో కొనసాగించొచ్చు. వారం దాటి రోజూ తాగి ఉంటే మళ్ళీ ఇంట్లో ఆపించకుండా నేరుగా ఆసుపత్రిలోనే చేర్చండి.